సొంత మిషను, ఉమ్మడి సంఘం: కుట్టేవాళ్లే యజమానులైన చోట మనుషుల నిర్వహణ

క్లుప్తంగా: ఎవరి మిషను మీద వాళ్లు పనిచేసుకునే సభ్యుల సహకార సంఘంలో మేనేజరుకు మనుషుల మీద పెత్తనం ఉండదు, పని నడిచే తీరు మీద మాత్రమే ఉంటుంది. పని ఎవరికి ఎంత ఇవ్వాలి, పాడైన సరుకు ఎవరి లెక్కలో పడాలి, కూలి ఎలా కట్టాలి అనే మూడు విషయాలు ఆర్డరు రాకముందే రాసుకుని ఉండాలి. రాసుకోని సంఘం కొన్ని సీజన్లు తిరిగేసరికి మధ్యవర్తి పని పంచే పాత జాబ్‌వర్క్ షాపులా మారుతుంది, లేదంటే చీలిపోతుంది. మిషన్లు ఎవరివి, పని వద్దనే స్వేచ్ఛ ఉందా అన్నదాన్ని బట్టి చట్టం దృష్టిలోనూ సంఘం స్వరూపం మారుతుంది.

ప్రశ్న ఎందుకు వచ్చింది

2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది డ్రైవర్లే సభ్యులుగా భారత్ టాక్సీ పేరుతో బండ్లు నడిపే సహకార సంఘం రిజిస్టర్ అయింది. నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ మూడింటి మధ్య ఒక సందేహం ఊళ్లలో గట్టిగానే వినిపిస్తోంది: ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు కలిసి సంఘం పెడితే వాళ్లు కూలీలా, యజమానులా, కాంట్రాక్టర్లా? వాళ్లకు పని చెప్పేదెవరు?

అనంతపురం జిల్లా రాయదుర్గంలో ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. జీన్స్ కుట్టే పనికి పేరున్న ఊరు అది. బళ్లారి పక్కనే ఉంది. కత్తిరించిన గుడ్డ లాట్ల లెక్కన వస్తుంది. దాన్ని తెచ్చే జాబ్‌వర్కరు ఇళ్లలో మిషన్లున్న ఆడవాళ్లకు పంచుతాడు, కుట్టినవి పోగుచేసి వ్యాపారికి అప్పగిస్తాడు. మధ్యలో తన వాటా తీసుకుంటాడు. వ్యాపారి నుంచి పైకం ఆలస్యమైతే ఆ ఆలస్యం కుట్టినవాళ్ల మీదే పడుతుంది. ఆ జాబ్‌వర్కరు స్థానంలో తామే ఒక సంఘంగా నిలబడితే ఏమవుతుందన్నది సహజంగా వచ్చే ఆలోచన. ఇబ్బంది ఆలోచనలో లేదు. జాబ్‌వర్కరు చేసే పనులు సంఘంలోనూ ఎవరో ఒకరు చేయాలి. లాటు పంచాలి, తప్పు పట్టాలి, గడువు గుర్తుచేయాలి. వీటిని అధికారం లేకుండా చేయడం వేరే విద్య.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ 30 మంది సభ్యులున్న ఒక ఊహా సంఘానివి. రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే తప్ప మార్కెట్ ధరలు కావు.

ఒకే మనిషి, మూడు హోదాలు

ఇలాంటి సంఘంలో సభ్యురాలు ఒకేసారి మూడు చోట్ల నిలబడి ఉంటుంది. వాటా కట్టి ఓటు వేసినప్పుడు ఆమె యజమాని. సొంత మిషను మీద తన వీలును బట్టి కుట్టినప్పుడు స్వయం ఉపాధిలో పనిచేసే మనిషి. ఆర్డరు తేవడం, బిల్లు పెట్టడం, బాకీ వసూలు చేయడం కోసం సంఘం మీద ఆధారపడినప్పుడు ఆ సేవ వాడుకునే ఖాతాదారు. తగాదాల్లో ఎక్కువ భాగం ఒక హోదాలో అడగాల్సింది ఇంకో హోదాలో అడగడం వల్ల వచ్చేవే. కట్ట సరిచూసే అమ్మాయితో "నేనూ యజమానినే, నా పీసు తిప్పి పంపడానికి నువ్వెవరు" అంటే యజమాని మాటను పనిచేసే మనిషి చోట వాడినట్టు. సర్వసభ్య సమావేశంలో "మాకేం తెలుసు, మేనేజరు చెప్పినట్టే కానీండి" అంటే దానికి సరిగ్గా తిరగేసిన తప్పు. రెండోది మెత్తగా వినిపిస్తుంది కానీ సంఘానికి మొదటిదానికంటే ఎక్కువ చేటు చేస్తుంది.

సహకార రంగంలో ఈ మూడు హోదాలను వేర్వేరు పాళ్లలో కలిపిన నమూనాలున్నాయి. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన నేతపనివారల సహకార సంఘం మనకు దగ్గరలోని పాత ఉదాహరణ. చేనేత సంఘాల్లో సాధారణ పద్ధతి ఇది: మగ్గం నేతగానిది, నూలు సంఘానిది, గుడ్డ సంఘానికి చేరితే నేత కూలి అతనికి వస్తుంది. కేరళలో 1925లో మొదలైన ఊరాళుంగళ్ లేబర్ కాంట్రాక్ట్ సంఘం వేరే దారి పట్టింది. అక్కడ పనివాళ్లు సంఘం సైట్లలో, సంఘం యంత్రాల మీద, సంఘం కాలపట్టిక ప్రకారం పనిచేస్తారు. వాళ్లు సభ్యులూ, ఉద్యోగులూ కూడా. అహ్మదాబాదులో 1972లో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు ఈ ఆడవాళ్లకు యజమానే లేడు కదా, కార్మిక సంఘం ఎలా అవుతుందని కార్మిక శాఖ అభ్యంతరం పెట్టింది. సంఘం ఉండేది ఎవరికో వ్యతిరేకంగా కాదు, పనిచేసేవాళ్ల ఐక్యత కోసమని సేవా స్థాపకురాలు ఇలా భట్ వాదించి నెగ్గారు. ఆ తర్వాత సేవా నీడలో వృత్తుల వారీగా సహకార సంఘాలు పుట్టాయి. బెల్జియంలోని స్మార్ట్ అనే సహకార సంఘం కళాకారుల్లాంటి విడి పనివాళ్ల బిల్లులు తానే పెట్టి, బిల్లులో కొంత శాతం తీసుకుని, ఖాతాదారు ఆలస్యం చేసినా పనివాళ్లకు సమయానికి డబ్బు ఇస్తుంది. ఆ పని జరిగినన్నాళ్లు వాళ్లను ఉద్యోగులుగా చూపుతుంది.

రాయదుర్గం లాంటి చోట పనికొచ్చేది ఎమ్మిగనూరు నిర్మాణం, స్మార్ట్ చెల్లింపు క్రమశిక్షణ కలిసినది. సభ్యులు జాబ్‌వర్కరును వదిలి సంఘంలోకి రావడానికి అసలు కారణం రేటు కంటే సమయానికి పైకం అందడమే.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది

రాష్ట్రంలో సహకార సంఘానికి రెండు తలుపులున్నాయి. ఒకటి 1964 సహకార సంఘాల చట్టం, రెండోది 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్. రెండో చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన 10 మంది చాలు. ప్రభుత్వ వాటాధనం ఉండదు కాబట్టి సర్కారు జోక్యం కూడా తక్కువ. నియమావళిలో ఏం రాసుకుంటే సంఘం లోపల అదే చట్టం. అందుకే దాన్ని జిరాక్సు దుకాణంలో దొరికే నమూనా నుంచి దించుకోవడం మొదటి పొరపాటవుతుంది.

సభ్యులు స్వయం ఉపాధిలో ఉన్నవాళ్లా, సంఘం ఉద్యోగులా అన్నది కాగితం మీద పెట్టుకున్న పేరును బట్టి తేలదు. 1973లో సుప్రీంకోర్టు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో పీసు రేటు మీద కుట్టే దర్జీలను అప్పటి ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) దుకాణాల, సంస్థల చట్టం కింద ఉద్యోగులుగానే గుర్తించింది. వాళ్లకు నెల జీతం లేదు, కచ్చితమైన పనివేళలు లేవు, బయట కూడా పని చేసుకోవచ్చు. అయినా మిషన్లు షాపువి, కుట్టు నచ్చకపోతే తిప్పి పంపి మళ్లీ కుట్టించే హక్కు షాపుది. తూకం అటే మొగ్గింది. దీన్ని బట్టి సంఘం సొంతంగా షెడ్డు వేసి, మిషన్లు కొని, 9 గంటలకు రమ్మని హాజరు వేస్తే సభ్యులకు ఓటు ఉన్నంత మాత్రాన వాళ్లు స్వయం ఉపాధిదారులు కాబోరు. సంఘానికి సభ్యులకు భిన్నమైన చట్టబద్ధ అస్తిత్వం ఉంటుంది కాబట్టి అదే యజమాని స్థానంలోకి వస్తుంది. అలా నడపాలనుకుంటే తప్పేమీ లేదు, ఊరాళుంగళ్ దారి అదే. అప్పుడు ఉద్యోగులకు ఇవ్వాల్సినవన్నీ ఇవ్వాలి. ఉద్యోగుల్లా పని చేయించుకుని కాంట్రాక్టర్లని రాసుకునే నడిమి దారి మాత్రం అన్యాయం, పైగా ప్రమాదం.

పన్నుల సంగతి రెండు ముక్కల్లో. 1961 ఆదాయపు పన్ను చట్టం 80పీ సెక్షన్ సభ్యుల శ్రమను ఉమ్మడిగా వినియోగించే సంఘానికి మినహాయింపు ఇచ్చింది. ఓటు హక్కు శ్రమ చేసే వ్యక్తులకు, రుణ సంఘాలకు, రాష్ట్ర ప్రభుత్వానికే పరిమితమని నియమావళిలో ఉంటేనే అది వర్తించేది. కుట్టని షావుకారును గౌరవంగా సభ్యుడిగా చేర్చుకుని ఓటు ఇస్తే ఆ మినహాయింపుకే ఎసరు. ఆ చట్టం 194సీ సెక్షన్ కింద, కాంట్రాక్టు పనికి ఒక సభ్యురాలికి ఏడాదిలో లక్ష రూపాయలు దాటి ఇస్తే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టాల్సి ఉండేది, పాన్ లేకపోతే 20 శాతం. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు ఆడిటరుతో సరిచూసుకోవాలి. కార్మిక కోడ్‌లకు ముందున్న 1952 భవిష్య నిధి (పీఎఫ్) చట్టం 50 మందికి తక్కువ ఉద్యోగులతో, కరెంటు వాడకుండా పనిచేసే సహకార సంఘాలను మినహాయించింది. మోటారు మిషన్లున్న షెడ్డుకు ఆ మినహాయింపు దొరికేది కాదు.

పని పంపకం

లాటు దిగిన రోజే సంఘం నిజస్వరూపం బయటపడుతుంది. పంపకానికి సాధారణంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. తలా ఇన్ని పీసులని సమానంగా వంతులు వేయడం ఒకటి. చూడటానికి న్యాయమే, కానీ వారానికి 10 గంటలే వీలున్న ఆమె దగ్గర కట్ట పడి ఉంటుంది, 40 గంటలు కూర్చోగల ఆమె మిషను ఖాళీగా ఉంటుంది. బాగా కుట్టేవాళ్లకే ఇవ్వడం రెండోది. గడువు దక్కుతుంది, కానీ ఏడాదిలో 30 మంది సంఘం 8 మంది సంఘమై మిగతా 22 మంది సంతకాలకే పనికొస్తారు. ముందు వచ్చినవాళ్లకు ముందు అనేది మూడోది. అందులో గెలిచేది ఆఫీసు పక్కింటివాళ్లు.

వీటికంటే నిలిచే పద్ధతి గంటల ప్రకారం పంచడం. ప్రతి శనివారం సభ్యురాలు వచ్చే వారానికి తనకు వీలైన గంటలు రాయిస్తుంది. వచ్చిన పని గంటల్లోకి మార్చి అదే నిష్పత్తిలో ఇస్తారు. వారానికి 500 గంటల పని ఉండి, సభ్యులు రాయించినవి 800 గంటలైతే ఒక్కొక్కరికి 62.5 శాతం దక్కుతుంది. 40 గంటలు రాయించిన ఆమెకు 25, 16 గంటలు రాయించిన ఆమెకు 10. ఇది అమలు కాగానే ఒక జబ్బు మొదలవుతుంది. ఎక్కువ పని కోసం లేని గంటలు రాయిస్తారు. దానికి విరుగుడు కూడా లెక్కలోనే ఉంది. తీసుకున్న పనిలో 80 శాతం కూడా ముగించని వాళ్ల గంటలను తర్వాతి వారం గత నాలుగు వారాల సగటుకు కుదించాలి. ఎవరినీ నిలదీయాల్సిన పని లేదు, రిజిస్టరే చెబుతుంది.

ఇక్కడ స్వయం ఉపాధికి ప్రాణమైన ఒక తేడా ఉంది. పని వద్దనే హక్కు సభ్యురాలికి పూర్తిగా ఉంటుంది, ఒప్పుకుని ఎగ్గొట్టే హక్కు ఉండదు. వద్దన్నందుకు శిక్ష వేస్తే ఆమె ఉద్యోగి అయిపోయినట్టే. వద్దన్న వారం వంతు పోతుంది, అంతే. ఒప్పుకున్న కట్ట కుదరకపోతే గడువుకు 24 గంటల ముందు తిప్పి ఇవ్వాలన్న నియమం మాత్రం గట్టిగా ఉండాలి. ముందే తిప్పి ఇచ్చినవాళ్లను మెచ్చుకోవాలి. చివరి గంట దాకా "అయిపోతుందిలే అక్కా" అంటూ దాచిపెట్టడమే లాటును ముంచేది.

గంటల లెక్క ఒక్కటే చాలదు, పనుల లెక్క కూడా కావాలి. జీన్స్ ప్యాంటును చాలా చోట్ల ఒక్కరే మొత్తం కుట్టరు. జేబులకు 4 నిమిషాలు, జిప్పుకు 3, పక్క కుట్లకూ లోపలి కుట్లకూ కలిపి 4, బెల్టు అతకడానికి మూడున్నర, కింది మడతకు ఒకటిన్నర, బెల్టు లూపులకూ, బార్‌టాకు అనే బిగింపు కుట్టుకూ 2 అనుకుంటే మొత్తం 18 నిమిషాలు. మన ఊహా సంఘం నెలకు సుమారు 7,780 ప్యాంట్లు కుడుతుందనుకుందాం. ఒక్క బెల్టు పనికే సుమారు 454 గంటలు కావాలి. ఇంట్లో కుట్టేటప్పుడు దారం తెగడం, కరెంటు పోవడం, పొయ్యి మీద అన్నం చూసుకోవడం ఉంటాయి కాబట్టి గంటలో 60 శాతమే నికరంగా నడుస్తుందనుకుంటే 756 గంటలు. సభ్యురాలు నెలకు 130 గంటలు కూర్చుంటే బెల్టుకు ఆరుగురు కావాలి. వచ్చినవాళ్లు ఐదుగురే అయితే జేబుల దగ్గర ఎంతమందిని పెంచినా లాటు కదలదు. కొంతకాలానికి ఆ ఐదుగురి మాటే చెల్లుబాటవుతుంది. రేటు పెంచమన్నా వాళ్లదే నిర్ణయం, ఎవరి కట్ట ముందన్నా వాళ్లదే నిర్ణయం. ఎన్నికల్లో గెలిచిన కమిటీ పేరుకే ఉంటుంది. వాళ్ల దురాశ కంటే సంఘం చేయని ముందుచూపు ఇందులో పెద్ద కారణం. ఆరో మనిషికి నేర్పడానికి ప్రతి లాటులో కొంత పని పక్కన పెట్టి, నేర్పేవాళ్లకు గంట లెక్కన సంఘం ఖర్చులోంచి చెల్లించాలి. ఉచితంగా నేర్పమంటే ఎవరూ నేర్పరు, ఎందుకంటే నేర్పిన కొద్దీ తమ పీసులు తగ్గుతాయి.

పాడైన ప్యాంటు ఎవరిది

సంఘాలు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే. జీన్స్‌లో చిక్కేమిటంటే తప్పు చాలాసార్లు వాషింగ్ తర్వాతే కనబడుతుంది. గుడ్డ పొరలుగా పరిచి కోసినప్పుడు ఒక్కో పొరకు నంబరు స్టిక్కరు వేస్తారు. ముందు ముక్క, వెనక ముక్క ఒకే నంబరువి కలవాలి. కట్ట విప్పేటప్పుడు నంబర్లు కలిసిపోతే కుట్టేటప్పుడు రెండూ ఒకే నీలంగా కనిపిస్తాయి. ఉతికాక ఒక ముక్క ఒక రంగు, ఇంకో ముక్క ఇంకో రంగు. అప్పటికి ఆ ప్యాంటు ఐదారుగురి చేతులు మారి ఉంటుంది. సూది మొద్దుబారితే కుట్టు జారుతుంది, సన్న సూది వాడితే బెల్టు మందం దగ్గర విరుగుతుంది. జీన్స్‌కు 16 లేదా 18 నంబరు సూది, పై కుట్టుకు అంగుళానికి 7–8 కుట్లు మామూలుగా పడాలి. దారం నాసిరకమైతే ఉతుకులో తెగుతుంది.

కాబట్టి తప్పును మనిషికి అంటగట్టేముందు అది ఏ జాతి తప్పో తేల్చాలి. కత్తిరింపు తేడా వ్యాపారిది. లాటు దించుకునేటప్పుడే పది పీసులు కొలిచి రసీదు మీద రాయించుకుంటేనే అది నిలుస్తుంది. దారం తప్పు కొన్న సంఘానిది. సూది, మిషను తప్పు ఆ మిషను యజమానిది, అంటే సభ్యురాలిది. నంబర్లు కలపడం కట్ట విప్పినవాళ్లది. ఇది తేలాలంటే 20 పీసుల కట్టకు ఒక చీటీ ఉండాలి. లాటు నంబరు, సైజు, కట్ట నంబరు, ఒక్కో పనికి ఎదురుగా చేసినవాళ్ల సభ్యత్వ నంబరు. పేరు రాయకపోవడం మేలు. పేరు కనబడితే చుట్టరికం కనబడుతుంది.

ఈ చీటీ ఎందుకంత ముఖ్యమో డబ్బులో చూస్తే తెలుస్తుంది. ప్యాంటుకు వ్యాపారి ఇచ్చేది 30 రూపాయలు అనుకుంటే నెలకు 7,780 ప్యాంట్లకు 2,33,400. అందులో 2 శాతం డ్యామేజి నిధికి తీస్తే సుమారు 4,670. పాడైన ప్యాంటుకు వ్యాపారి గుడ్డ ధరతో కలిపి 250 కోస్తే ఆ నిధి 18 ప్యాంట్లకు సరిపోతుంది. నూటికి ఒకటి పాడైనా 78 ప్యాంట్లు, 19,500 రూపాయలు. నిధి నాలుగో వంతుకు కూడా రాదు. అంటే నిధి పెట్టుకుని ధీమాగా ఉండటం కుదరదు. వాషింగ్‌కు పోకముందే పట్టుకోవడం ఒక్కటే దారి. దానికి సరిచూసే మనిషి కావాలి. ఆ మనిషికి పీసు రేటు కాకుండా రోజు కూలి ఇవ్వాలి. పీసుకు ఇస్తే తొందరలో వదిలేస్తారు, తప్పు పట్టినదానికి ఇస్తే లేని తప్పు పడతారు.

మిగిలింది శిక్ష ఎంతన్నది. కట్ట దశలో పట్టుబడిన తప్పును చేసినవాళ్లే తమ సమయంలో సరిచేయాలి, కోత ఉండదు. వాషింగ్ తర్వాత తేలి, చీటీ ప్రకారం ఒకరిదని రుజువైతే సగం నిధి, సగం వాళ్లు భరించాలి, అదీ ఏ వారంలోనూ వాళ్ల సంపాదనలో 10 శాతం మించకుండా. ఈ పరిమితిని మెతకదనం అనుకునేవాళ్లుంటారు. పూర్తి కోత పెట్టిన చోట జరిగేది వేరు. చీటీలు మాయమవుతాయి, తప్పు పీసు కట్ట మధ్యలోకి చేరుతుంది. తన తప్పును తానే చెప్పుకోవడం నష్టం కాని పద్ధతి ఉంటేనే తప్పులు తొందరగా బయటికొస్తాయి. తనంతట తాను చెప్పినవాళ్లకు కోత అసలు లేకుండా చేయడం ఇంకా మంచిది.

కూలి, కోతలు, అడ్వాన్సు

ప్యాంటుకు వచ్చే 30లో 10 శాతం సంఘానికి తీయాలనుకుందాం. ఆఫీసు, రవాణా, సరిచూసే మనిషి, నేర్పే గంటలకు 5 శాతం, డ్యామేజికి 2, పనిలేని రోజుల నిధికి 3. మిగిలిన 27 రూపాయలను 18 నిమిషాలకు పంచితే నిమిషానికి రూపాయిన్నర. జేబులకు 6, జిప్పుకు 4.50, పక్క, లోపలి కుట్లకు 6, బెల్టుకు 5.25, మడతకు 2.25, లూపులకు 3. ఈ పట్టిక గోడ మీద ఉండాలి, నిమిషాలతో సహా. రేటు గురించి గొడవ వస్తే నిమిషాల గురించి మాట్లాడుకోవచ్చు. ముగ్గురు వేర్వేరు సభ్యులు కుడుతుంటే గడియారం పెట్టి చూస్తే ఆ మాట అక్కడే తేలుతుంది. రూపాయల గురించే మాట్లాడితే మనుషుల గురించి మాట్లాడినట్టవుతుంది.

నెలకు 2.33 లక్షల బిల్లు అంటే తొమ్మిదో నెలలోనే 20 లక్షలు దాటుతుంది, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. వ్యాపారితో రేటు మాట్లాడేటప్పుడే పన్ను వేరని చెప్పకపోతే అది కూలిలోంచి పోతుంది.

అడ్వాన్సు గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. పాత షావుకారు పట్టు నిలబడింది అడ్వాన్సు మీదే. బాకీ ఉన్నంతకాలం ఆమె వేరేవాళ్లకు కుట్టలేదు. సంఘం కూడా పెళ్లికీ, ఆస్పత్రికీ చేతికొచ్చినంత ఇస్తూ పోతే బాకీ ఉన్న సభ్యులు సమావేశంలో చెయ్యెత్తలేరు. ఓటు కాగితం మీద మిగులుతుంది. రెండు వారాల సగటు సంపాదనను మించకుండా ఇచ్చి, ప్రతి చెల్లింపులో నాలుగో వంతు చొప్పున తిరిగి పట్టడం భరించదగ్గ హద్దు. బాకీ ఉన్నా బయట పని చేసుకోవచ్చని కాగితం మీద ఉండాలి. పెద్ద అవసరాలకు బీమా వైపు చూడాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436. వయసు అర్హత ఉన్న 30 మందికీ కలిపి 13,680. పనిలేని రోజుల నిధికి నెలకు వచ్చే 7,000తో పోలిస్తే ఇది రెండు నెలల సొమ్ము.

శెనక్కాయల సీజను

అనంతపురం జిల్లాలో జన బలాన్ని లెక్కేసేటప్పుడు మరిచిపోకూడనిది చేలో పని. ఖరీఫ్ శెనక్కాయ పీకుడు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. పండగ ఆర్డర్ల ఒత్తిడి కూడా దాదాపు అప్పుడే. కాయ పీకే రోజు కూలి కుట్టుకూలి కంటే మేలుగా ఉన్నప్పుడు సభ్యులు చేనికి పోతారు, పోవడం సబబే. స్వయం ఉపాధి అంటేనే అది. దీన్ని ద్రోహంగా చూసే మేనేజరు సగం సంఘాన్ని దూరం చేసుకుంటాడు. సెప్టెంబరులోనే ఆ రెండు నెలల గంటలు విడిగా రాయించుకుని, వచ్చిన గంటల్లో 80 శాతానికే ఆర్డరు ఒప్పుకోవాలి. వాన పడక పంట లేని ఏడు లెక్క తలకిందులవుతుంది. అందరూ మిషను దగ్గరే ఉంటారు, పని చాలదు. పనిలేని రోజుల నిధి తెరవాల్సింది అప్పుడే. తన గంటలు రాయించి కూడా వాటిలో సగానికి తక్కువ పని దొరికిన సభ్యులకు మాత్రమే అది చెల్లాలి. తాను రాని వారానికి కాదు.

అందరూ అక్కలూ వదినలూ అయిన చోట

వీధి సంఘంలో సరిచూసే అమ్మాయికి బెల్టు కుట్టే ఆమె వదిన. అధ్యక్షురాలు పెద్దమ్మ. "వదినా, ఈ పీసు మళ్లీ కుట్టు" అనడం ఎంత కష్టమో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ బరువును ఒక మనిషి మీద పెట్టకుండా కాగితం మీదికి మార్చాలి. సరిచూసేవాళ్లకు కట్టలు సభ్యత్వ నంబరుతోనే వస్తాయి. తన ఇంటివాళ్లవి వేరేవాళ్లు చూస్తారు. లాటు పంచేది జీతం తీసుకునే గుమాస్తా. ఎన్నికైన అధ్యక్షురాలు ఆ రిజిస్టరు ముట్టుకోకూడదు. తనిఖీ చేయొచ్చు, మార్చకూడదు. ఎన్నికైనవాళ్లే పని పంచే చోట ఎన్నిక అంటే పని కోసం పోటీ అవుతుంది.

తప్పు మళ్లీ మళ్లీ జరిగితే మెట్లు ఉండాలి. మొదట ఇద్దరు సభ్యులు ఇంటికెళ్లి మాట్లాడి, మాట్లాడిన సంగతి రెండు లైన్లలో రాసి ఆమెతో సంతకం పెట్టించుకోవాలి. తర్వాత రెండు వారాలు కొత్త కట్టలు ఆపాలి, చేతిలో ఉన్నవి పూర్తి చేయనివ్వాలి. అప్పటికీ మారకపోతే సభ్యత్వం రద్దు ప్రతిపాదన సర్వసభ్య సమావేశానికి వెళ్తుంది. నోటీసు ఇచ్చి, ఆమె మాట విన్నాకే ఓటు. కమిటీ తలుపులు మూసుకుని తీసేస్తే ఆ నిర్ణయం వివాదంలో నిలవదు, మిగతా సభ్యుల్లో భయం మాత్రం నిలుస్తుంది.

సమావేశం సాయంత్రం 7కు పెడితే వంట వేళకు ఎవరూ రారు, వచ్చినవాళ్లు నోరు విప్పరు. శనివారం పైకం పంచే మధ్యాహ్నమే అరగంట కూర్చోవడం పనికొస్తుంది. తీర్మానాల పుస్తకం అక్కడికక్కడే పైకి చదివి వినిపించాలి. సంఘం 40 మంది దాటాక ఈ అరగంట సరిపోదు. వీధుల వారీగా 12–15 మంది జట్లుగా విడగొట్టి ఒక్కో జట్టు నుంచి ఒకరిని కమిటీకి పంపడం మేలు. లాటు లెక్క, కూలి పట్టిక మాత్రం అందరికీ ఒక్కటే ఉండాలి.

వెళ్లిపోయే సభ్యురాలు

పెళ్లై ఊరు మారేవాళ్లు, బళ్లారికో బెంగళూరుకో వలస పోయేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఆమె ఎంత తీసుకెళ్లవచ్చన్నది చేరిన రోజే చెప్పి ఉండాలి. వాటాధనం కట్టిన విలువకే తిరిగి ఇస్తారు, పెరిగిన విలువ ఉండదు. డ్యామేజి నిధి, పనిలేని రోజుల నిధి ఉమ్మడివి కాబట్టి వాటిలో వాటా రాదు. ఆ ఏడాది మిగులు పంచినప్పుడు ఆమె కుట్టిన నిమిషాల మేరకు భాగం మాత్రం తర్వాతైనా పంపాలి. మిషను ఆమెదే, దాని మీద సంఘం నుంచి అప్పు ఉంటే మిగిలిన కిస్తీలు వాటాధనంలోంచి సర్దుకోవాలి. వాషింగ్ ఫలితం ఆలస్యంగా వస్తుంది కాబట్టి చివరి రెండు లాట్ల కూలిలో 10 శాతాన్ని 45 రోజులు ఆపి, తప్పు తేలకపోతే ఖాతాలో వేస్తారు. ఆ తేదీ రాసిన చీటీ ఒకటి ఆమె చేతిలో, దాని నకలు సంఘం ఫైల్లో ఉండాలి.